కురుసుర సబ్‌మెరైన్‌ని లెగో బ్రిక్స్‌తో సొంతంగా కట్టాలి. స్కేల్ ఎంత? ఎక్కడ మొదలెట్టాలి?

ఎంవీపీ_నాన్న
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇద్దరం కలిసి ఇన్నాళ్ళూ బుక్‌లెట్ చూసి సెట్లు కట్టాం. ఇప్పుడు దానికి బుక్‌లెట్ బోర్ కొట్టేసింది. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర చూసొచ్చిన దగ్గర్నుంచి "మనమే డిజైన్ చేద్దాం" అని పట్టుబట్టింది. నాకూ ఉత్సాహంగానే ఉంది. కానీ స్కేల్ ఎంత పెట్టాలో, గుండ్రటి బాడీ చదరపు ముక్కలతో ఎలా వస్తుందో, కంప్యూటర్‌లో గీసుకోవాలో ముక్కలు కింద పోసి మొదలెట్టేయాలో తెలియట్లేదు. నెట్‌లో చూస్తే అందరూ పూర్తయిన మోడల్ ఫొటో పెడతారు తప్ప ఎలా ఆలోచించారో ఒక్కరూ చెప్పరు. పైగా ఇంట్లో పెద్దవాళ్ళ గోల: "కట్టినవి విప్పేస్తారా, అంత డబ్బు పోసి కొన్నవి!" అని.

గుబ్బలపిచ్చి
విప్పేయండి. విప్పడానికే కదా అవి ఉన్నది.

సొరంగం58
నేవీ వాళ్ళ ఊళ్ళో ఉండి సబ్‌మెరైన్ కట్టకపోతే ఎలా గురూ! నేను అరకు రైలు పనిలో ఉన్నాను, దాని గోల తర్వాత చెప్తా. ముందు స్కేల్ తేల్చండి. స్కేల్ తేలకుండా ఒక్క ముక్క కూడా పెట్టకండి.

లహరి_డిజైన్
కురుసుర పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. స్టడ్ అంటే ముక్క మీది గుబ్బ. స్టడ్‌కీ స్టడ్‌కీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. 1:125 పెట్టుకుంటే అసలు ఓడలో ఒక మీటరు మోడల్‌లో సరిగ్గా 8 మి.మీ., అంటే ఒక మీటరుకు ఒక స్టడ్. లెక్కంతా నోటితోనే అయిపోతుంది: 91 స్టడ్‌ల పొడవు, ఏడున్నర స్టడ్‌ల వెడల్పు. మోడల్ 73 సెం.మీ. వస్తుంది, టీవీ స్టాండ్ మీద పడుతుంది.

ఎత్తు లెక్క మాత్రం వేరు. బ్రిక్ ఎత్తు 9.6 మి.మీ., ప్లేట్ (పలచటి ముక్క) 3.2. కాబట్టి ఈ స్కేల్‌లో ఒక బ్రిక్ 1.2 మీటర్లు, ఒక ప్లేట్ 40 సెంటీమీటర్లు. పాపతో ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాయించి గోడకి అంటించండి.

కంప్యూటర్ సంగతి: బ్రిక్‌లింక్ (విడి ముక్కలు అమ్మే సైట్) వాళ్ళ స్టూడియో ప్రోగ్రామ్ ఉచితం. ముందు అందులో గీయండి. మీ దగ్గర లేని ముక్కలు కూడా వాడి చూడొచ్చు. చివర్లో ఏ ముక్క ఎన్ని కావాలో జాబితా అదే ఇస్తుంది.

గాజువాక_గేర్లు
లహరి గారి స్కేల్ లెక్క సూపర్. కంప్యూటర్ మాటతో మాత్రం ఒప్పుకోను. తెర మీద అన్నీ నిలబడతాయి. 73 సెం.మీ. పొడవు వస్తువుని చేత్తో ఎత్తినప్పుడు నడుము దగ్గర ఎలా వంగుతుందో మౌస్‌కి ఏం తెలుస్తుంది? మొదట మధ్యభాగం ఓ 16 స్టడ్‌లు చేత్తో కట్టండి. ఏ రంగైనా ఫర్వాలేదు, ఇంట్లో ఏదుంటే అది. గట్టిగా నిలిచాక అప్పుడు తెర దగ్గరకు వెళ్ళండి.

లహరి_డిజైన్
@గాజువాక_గేర్లు విడిగా గాల్లో తేలే ముక్కలనీ ఒకదాన్నొకటి గుద్దుకునేవాటినీ స్టూడియో పట్టేస్తుంది అన్నా. అసలు సమస్య ఇంట్లో ముక్కల పరిమితి. చేతిలో ఉన్నవాటితో మొదలెడితే ఊహ కూడా అంత వరకే వెళ్తుంది.

గాజువాక_గేర్లు
ఊహ ఎంత దూరమైనా వెళ్ళనీ అమ్మా, ఎత్తేటప్పుడు విరక్కూడదు.

ఉమ_పెదవాల్తేరు
ఇద్దరూ ఆగండి. ఆయన పాపతో కలిసి కడుతున్నారు, అది చూడండి. నేను స్కూల్లో పిల్లల చేత కట్టిస్తాను. ముందు తెర దగ్గర కూర్చోబెడితే పెద్దవాళ్ళు మౌస్ పట్టుకుంటారు, పిల్లలు చూస్తూ ఉంటారు. ముక్కలు కింద పోస్తే మొదట చెయ్యి పెట్టేది పిల్లలే. 2x4 బ్రిక్‌లు (రెండు వరుసల్లో నాలుగేసి గుబ్బలున్నవి) ఆరు, అన్నీ ఒకే రంగువి ఇస్తే 91,51,03,765 రకాలుగా కలపొచ్చు. ఆ సంఖ్య బోర్డు మీద రాస్తే మా పిల్లలు కాసేపు నమ్మరు. రెండు ఇచ్చి లెక్కపెట్టమంటే 24 రకాలూ వాళ్ళే తీస్తారు. డిజైన్ అంటే భయం అక్కడే పోతుంది.

మేస్త్రీకొడుకు
మా నాన్న మేస్త్రీ, కంచరపాలెంలో సగం గోడలు ఆయన చేతివే. బ్రిక్ మోడల్ కూడా గోడే. జాయింట్ మీద జాయింట్ పడకూడదు. కింది వరుస జాయింట్ ఎక్కడుందో పై వరుసలో అక్కడ ముక్క నడుమ రావాలి. 91 స్టడ్‌ల పొడవులో ఒక్క చోట అన్ని వరుసల జాయింట్లూ కలిస్తే అక్కడే విరుగుతుంది. పొడుగు ముక్కలు పైకి కనబడే చోట వాడేయకుండా లోపలి కోర్‌కి దాచుకోండి.

ఎంవీపీ_నాన్న
అబ్బ, ఒక్క పూటలో ఇన్ని జవాబులా! 1:125 పాపకి తెగ నచ్చింది, "మీటరుకి ఒక గుబ్బ" అని ఇల్లంతా కొలుస్తోంది. ఇప్పుడు అసలు ప్రశ్న. గుండ్రటి బాడీ ఎలా? మెట్లు మెట్లుగా వస్తే దానికి నచ్చట్లేదు.

గుబ్బలపిచ్చి
స్నాట్. అంటే స్టడ్‌లు పైకి కాకుండా పక్కలకు చూసేలా కట్టడం. మధ్యలో ఒక చదరపు కోర్, దానికి నాలుగు వైపులా బ్రాకెట్లు (ఎల్ ఆకారపు ముక్కలు), వాటి మీద వంపు స్లోప్‌లు. అంతే.

లహరి_డిజైన్
"అంతే" అనేస్తే ఎలా, కొలత చెప్పాలి కదా.

5 ప్లేట్ల మందం = 16 మి.మీ. = 2 స్టడ్‌ల వెడల్పు. పక్కకు తిప్పి కట్టే పని మొత్తం ఈ సమీకరణం మీదే నడుస్తుంది. కోర్ 4 స్టడ్‌ల వెడల్పు పెడితే 32 మి.మీ. ఎత్తు కూడా 32 రావాలంటే 10 ప్లేట్లు, అంటే 3 బ్రిక్‌లూ ఒక ప్లేటూ. అప్పుడు కోర్ నిజమైన చదరం అవుతుంది, నాలుగు వైపులా ఒకే రకం పలక (ప్లేట్లూ స్లోప్‌లతో కట్టిన పక్క భాగం) బిగించొచ్చు.

పలక మందం 5 ప్లేట్లు పెడితే మొత్తం వెడల్పు 64 మి.మీ., అంటే 8 మీటర్లు. 4 ప్లేట్లు పెడితే 57.6 మి.మీ., అంటే 7.2 మీటర్లు. అసలు ఓడ 7.5. నేనైతే 4 వైపే మొగ్గుతా. సన్నగా ఉంటేనే అది సబ్‌మెరైన్‌లా కనబడుతుంది.

పాత_నావికుడు
4 పెట్టండి. కురుసుర ఫాక్స్‌ట్రాట్ తరగతి సబ్‌మెరైన్. ఆ తరగతి ఓడ అందమంతా ఆ సన్నటి పొడవులోనే ఉంది. లావు చేస్తే అది కురుసుర కాదు.

ఇంకొన్ని మాటలు. వెనక ప్రొపెల్లర్లు మూడు. చాలామంది మోడల్స్‌లో ఒకటే పెట్టేస్తారు, చూస్తే మనసు చివుక్కుమంటుంది. టార్పెడో ట్యూబులు ముందు ఆరు, వెనక నాలుగు. సెయిల్ (ఓడ పైన నిలబడే గోపురం) మీద ఎస్20 అని నంబరు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకుంది, 2002 నుంచి బీచ్‌లో మ్యూజియం. 31 ఏళ్ళ సర్వీసు. పాపకి ఈ తేదీలు చెప్పి కట్టించండి.

ఎంవీపీ_నాన్న
పాత_నావికుడు గారూ, మీరు ఫాక్స్‌ట్రాట్‌లో పనిచేశారా?

పాత_నావికుడు
ఓడల మీదే పనిచేశాను, సబ్‌మెరైన్‌లో కాదు. మా బ్యాచ్ వాళ్ళు కొందరు చేశారు. లోపల ఏడు కంపార్ట్‌మెంట్లు, వాటి మధ్య గుండ్రటి తలుపులు. 75 మంది ఆ గొట్టంలో నెలల తరబడి ఎలా ఉన్నారో మ్యూజియంలో ఒకసారి నడిస్తేనే అర్థమవుతుంది.

సొరంగం58
అయితే ఒక ఐడియా. పై సగం మూతలా ఎత్తితే లోపల ఏడు గదులూ కనబడాలి. ఏడు గదులకీ ఏడు రంగుల నేల.

గుబ్బలపిచ్చి
మూత తీసేలా చేస్తే కోర్ బలం పోతుంది. రెండూ కుదరవు.

గాజువాక_గేర్లు
కుదురుతుంది. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. నేను ఫిట్టర్‌ని, నాకు బీమ్‌లు కనబడితేనే నిద్ర పడుతుంది.

కోర్ 10 ప్లేట్లు అన్నారు కదా. దాన్ని ఇలా విడగొట్టండి: రంధ్రాలున్న టెక్నిక్ బ్రిక్ ఒకటి, దాని మీద 2 ప్లేట్లు, మళ్ళీ టెక్నిక్ బ్రిక్, మళ్ళీ 2 ప్లేట్లు. 3+2+3+2, సరిగ్గా 10. కింది రంధ్రానికీ పై రంధ్రానికీ మధ్య దూరం 16 మి.మీ., అంటే రెండు స్టడ్‌లు. కాబట్టి నిలువుగా ఒక టెక్నిక్ బీమ్ పెట్టి రెండు పిన్నులు బిగిస్తే వరుసలు ఊడి రావు. పొడవునా అక్కడక్కడా ఇలా బిగించేయండి.

మూత కావాలంటే కోర్ మొత్తం తెరవక్కర్లేదు. ఒక పక్క పలక మాత్రం హింజ్ మీద తలుపులా తెరుచుకునేలా పెట్టి, కోర్‌లో ఆ వైపు నుంచి రెండు స్టడ్‌ల లోతు గదులు వదలండి. వెనక రెండు స్టడ్‌లు వెన్నెముకలా ఉంటాయి. నిలువు బీమ్‌లు గదుల మధ్య గోడల్లో దాక్కుంటాయి. ఏడు గదులకి మధ్య గోడలు ఆరు, అంటే ఆరు చోట్ల బిగింపు దొరికినట్టే.

ఇక స్టాండ్. ఏకరీతి బరువున్న పొడవాటి వస్తువుని రెండు చోట్ల ఆపాలంటే చివర్లలో కాదు, నడుమా కాదు, ఒక్కో చివర నుంచి పొడవులో ఐదో వంతుకి కొంచెం అటూ ఇటూగా ఆపితే అతి తక్కువ వంగుతుంది. 91 స్టడ్‌లకి అది సుమారు 20వ స్టడ్. బీచ్‌లో కూడా ఓడ కాంక్రీటు దిమ్మెల మీదే ఉంది కదా, ఆ దిమ్మెలే మీ స్టాండ్ చేసేయండి.

మేస్త్రీకొడుకు
అన్నా, ఈ పోస్ట్ ప్రింట్ తీసి పెట్టుకుంటున్నా.

లహరి_డిజైన్
నేనూ. తలుపు ఐడియా నిజంగా బాగుంది. ఈ మధ్యభాగం మాత్రం చేత్తోనే మొదలెట్టాలని ఒప్పుకుంటున్నా. ముక్కు, తోక దగ్గర స్టూడియో తప్పదు. అక్కడ ప్రతి అంగుళం వంపు మారుతుంది.

ఉమ_పెదవాల్తేరు
చూశారా, ఇద్దరూ కలిశారు.

జగదాంబ_జంక్షన్
మధ్యలో దూరుతున్నా. ముక్కలు ఎక్కడ కొంటున్నారు మీరంతా? విడి ముక్కలు బయట దేశం నుంచి తెప్పిస్తే సుంకం చూసి కళ్ళు తిరుగుతున్నాయి.

సొరంగం58
బొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతం చేశారు, 2023లో 70. దాని మీద రవాణా ఖర్చు. అందుకే నేను ఒక్కో ముక్క తెప్పించను. ఏ సెట్‌లో నాకు కావాల్సిన ముక్కలు ఎక్కువున్నాయో చూసి ఆ సెట్టే కొంటా. విదేశాల నుంచి చుట్టాలెవరైనా వస్తుంటే వాళ్ళ సూట్‌కేసులో ఓ మూల అడుగుతా.

జగదాంబ_జంక్షన్
మన దగ్గర దొరికే చవక బ్రాండ్లు? ఒకసారి ఒక పెట్టె కొన్నాను. కొన్ని ముక్కలు ఊడిపోయాయి, కొన్ని పళ్ళతో లాగినా రాలేదు.

గుబ్బలపిచ్చి
పళ్ళతో లాగకండి! బ్రిక్ సెపరేటర్ అని చిన్న నారింజ రంగు పనిముట్టు ఉంటుంది, దానితో తీయండి.

లెగో బ్రిక్ పేటెంట్ 1958 జనవరి 28 నాటిది. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా అదే కొలతతో చేయొచ్చు, అందులో తప్పు లేదు. తేడా అంతా పట్టులో ఉంటుంది. లోపలి వెన్నెముకకి మంచి ముక్కలు, స్టాండ్‌కీ కింద పరిచే సముద్రానికీ చవకవి వాడండి. ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి అది తప్పనిసరి.

ఉమ_పెదవాల్తేరు
ముక్కలు సర్దుకోవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. రంగు ప్రకారం కాదు, ఆకారం ప్రకారం సర్దండి. నల్ల ముక్కల డబ్బాలో నల్ల బ్రాకెట్ వెతకడం నరకం. బ్రాకెట్ల డబ్బాలో నల్లది ఇట్టే కనబడుతుంది.

జగదాంబ_జంక్షన్
మా ఇంట్లో రంగు ప్రకారమే. చూడ్డానికి బాగుంటుంది.

ఉమ_పెదవాల్తేరు
చూడ్డానికి బాగుంటుంది, కట్టడానికి కాదు.

ఎంవీపీ_నాన్న
రంగు మాట వచ్చింది కాబట్టి అడుగుతా. ఓడ నలుపు. నలుపు వాడితే వంపులూ గీతలూ ఏమీ కనబడవని పాప అంటోంది. ముదురు బూడిద రంగు వాడదామా?

పాత_నావికుడు
నలుపే. ఓడ రంగు ఓడదే.

లహరి_డిజైన్
నేను పాప పక్షం. ముదురు బూడిదలో వంపు మీద వెలుతురు పడి ఆకారం తేలుతుంది. నలుపులో ఫొటో తీస్తే మొత్తం ఒక నీడలా వస్తుంది.

గుబ్బలపిచ్చి
నలుపులో వంపు స్లోప్‌లు దొరకడం తేలిక, జాయింట్ సందులు కూడా నలుపులో కలిసిపోతాయి. డెక్ మీద మాత్రం టైల్స్ (గుబ్బల్లేని ప్లేట్లు) ముదురు బూడిద పెట్టండి. రెండూ వచ్చేస్తాయి.

సొరంగం58
అది మంచి మధ్యేమార్గం. ఎండ తగిలే కిటికీ దగ్గర మాత్రం పెట్టకండి. తెలుపు, లేత బూడిద ముక్కలు పసుపెక్కిపోతాయి. సముద్రపు గాలికి జిగట దుమ్ము కూడా పడుతుంది. కడగాలంటే నీళ్ళు 40 డిగ్రీలు దాటకూడదు.

ఇక నా రైలు గోల. లెగో పట్టాల మధ్య దూరం సుమారు 37.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. భాగిస్తే దాదాపు 1:45. ఆ స్కేల్‌లో మన బోగీ వెడల్పు 9 స్టడ్‌లు, పొడవు అర మీటరుకి దగ్గర. మామూలు లెగో వంపు పట్టా వ్యాసార్ధం 40 స్టడ్‌లే, అంటే 32 సెం.మీ. బోగీ వంపు తిరిగేటప్పుడు నడుము లోపలికీ కొసలు బయటికీ పొడుచుకొస్తాయి. నేను వెడల్పు 8కి, పొడవు బాగా తక్కువకి దించేశా. రైలు పక్కాగా కొలతకి ఉండటం కన్నా సొరంగంలోంచి తగలకుండా బయటికి రావడం ముఖ్యం.

మేస్త్రీకొడుకు
అరకు మీదుగా వెళ్ళే కొత్తవలస–కిరండూల్ లైన్‌లో 58 సొరంగాలు. అన్నీ కడతావా బావా?

సొరంగం58
ఒక్కటి. దాని మీద కొండకే ముక్కలు చాలట్లేదు.

జగదాంబ_జంక్షన్
అయితే బీచ్‌లో కురుసురకి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం కూడా అదే స్కేల్‌లో కట్టి పక్కన పెడితే? రోడ్డుకి అటొకటి ఇటొకటి, మన బీచ్‌రోడ్ వచ్చేస్తుంది.

లహరి_డిజైన్
పొడవు 53 స్టడ్‌లు, రెక్కల కొస నుంచి కొసకి 50 స్టడ్‌లు. కష్టం ఎక్కడంటే రెక్కలు సుమారు 35 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటాయి. స్టడ్‌లన్నీ చదరపు గడిలో ఉంటాయి కాబట్టి ఏ కోణం పడితే ఆ కోణం గట్టిగా నిలవదు.

మేస్త్రీకొడుకు
3-4-5 పెట్టండి! మా నాన్న పునాది మూలమట్టం తాడుతో అలాగే చూస్తారు. 4 స్టడ్‌లు బయటికి, 3 వెనక్కి, ఏటవాలు 5. మూడు కొసలూ సరిగ్గా గడిలో పడతాయి. కోణం 37కి కొంచెం తక్కువ వస్తుంది, 35కి దగ్గరే.

గాజువాక_గేర్లు
శభాష్. ఒక్కటి గుర్తుంచుకోండి, లెక్కపెట్టేది రంధ్రాల మధ్య దూరం. 3-4-5కి కావాల్సింది 4, 5, 6 రంధ్రాల పొడవు. అక్కడ ఒకటి తప్పితే ముక్క వంగి బిగుసుకుంటుంది.

గుబ్బలపిచ్చి
బిగుసుకున్న ముక్క కొన్నాళ్ళకి పగులుతుంది. ప్లేట్‌ని నిలువుగా స్టడ్‌ల మధ్య దూర్చడం కూడా అలాంటిదే. కొలత ప్రకారం 3.2 సందులో 3.2 ప్లేట్, పడుతుందనిపిస్తుంది, కానీ ముక్క మీద ఒత్తిడి పడుతుంది. జేమీ బెరార్డ్ అనే లెగో డిజైనర్ 2006లో ఈ విషయం మీద బొమ్మలతో సహా వివరంగా చెప్పారు. వెతికి చూడండి, పాపకి కూడా అర్థమవుతుంది.

జగదాంబ_జంక్షన్
పూర్తయ్యాక లెగో ఐడియాస్‌లో (అభిమానుల డిజైన్లు పెట్టే సైట్) పెట్టండి! 10,000 మంది ఓటేస్తే కంపెనీ పరిశీలిస్తుంది. విశాఖ అంతా ఓటేస్తాం.

గుబ్బలపిచ్చి
ఒప్పుకోరు. ఆధునిక యుద్ధ వాహనాలు వాళ్ళు చేయరు. 2020లో ఆస్ప్రే విమానం సెట్ తయారైపోయాక కూడా అమ్మకం ఆపేశారు.

పాత_నావికుడు
ఇది మ్యూజియం కదా. టికెట్ కొని పిల్లలు నడిచే ఓడ.

గుబ్బలపిచ్చి
నిజమే సార్, కానీ నియమం నియమమే. మనం మన కోసం కట్టుకుందాం.

ఎంవీపీ_నాన్న
మధ్యభాగం 16 స్టడ్‌లు కట్టాం. గాజువాక_గేర్లు అన్న చెప్పిన 3+2+3+2 కోర్, నాలుగు వైపులా 4 ప్లేట్ల పలకలు. పాప రెండు చేతులతో పట్టి మెలితిప్పింది, కదల్లేదు. రంగులు మాత్రం చిలకలా ఉన్నాయి, ఎరుపు పక్కన పసుపు. రెండు ప్రశ్నలు మిగిలాయి. నాలుగు పలకలూ పెట్టాక మూలల్లో నాలుగు ఖాళీలు కనబడుతున్నాయి. రెండోది, సెయిల్ ఎత్తు ఎక్కడా దొరకలేదు.

లహరి_డిజైన్
మూలలకి: పై, కింది పలకల లోపలి ప్లేట్ మాత్రం రెండు పక్కలా ఒక్కో స్టడ్ బయటికి రావాలి, అంటే 6 వెడల్పు. దాని కొసల మీద వంపు స్లోప్. పక్క పలకల స్లోప్ అంచు దాని కింద ఆగాలి. సందు పూర్తిగా మూసుకోదు, కానీ నలుపులో కనబడదు.

సెయిల్‌కి: రోడ్డుకి ఇవతల వైపు నుంచి, ఓడకి సరిగ్గా ఎదురుగా, వీలైనంత దూరంగా నిలబడి ఫొటో తీయండి. దగ్గరగా తీస్తే కొలతలు తేడాగా వస్తాయి. ఫొటోలో మొత్తం పొడవుని స్కేలుతో కొలిచి 91తో భాగించండి. ఆ ముక్కే ఒక మీటరు, ఒక స్టడ్. దానితో సెయిల్, తలుపులు, దిమ్మెలు అన్నీ కొలిచేయొచ్చు.

ఉమ_పెదవాల్తేరు
డెక్ మీద మనుషులు కూడా కావాలి. మామూలు బొమ్మ మనిషి 4 సెం.మీ., ఈ ఓడ పక్కన రాక్షసుడిలా ఉంటాడు. 1x1 గుండ్రటి బ్రిక్ మీద 1x1 గుండ్రటి ప్లేట్ పెట్టండి. 12.8 మి.మీ., ఈ స్కేల్‌లో 1.6 మీటర్ల మనిషి.

పాత_నావికుడు
నావికులకి తెల్ల ముక్కలు వాడండి. ఎస్20 అంకెలు కూడా స్టిక్కర్ కాకుండా ముక్కలతోనే రావాలని నా కోరిక.

లహరి_డిజైన్
ఈ సైజులో కష్టం సార్. తెల్ల 1x1 ప్లేట్లు పక్కకు తిప్పి పెడితే 'ఎస్' వంపుకే అయిదు వరుసలు కావాలి, సెయిల్ పక్క అంతా నిండిపోతుంది. ముందు ఎంవీపీ_నాన్న గారు ఫొటో కొలిచి సెయిల్ ఎన్ని స్టడ్‌లో చెప్పనివ్వండి, స్టూడియోలో గీసి చూపిస్తా. పట్టకపోతే 20 అంకె మాత్రమైనా ముక్కలతో వచ్చేలా చూద్దాం.